అమ్జద్ హైదరాబాదీ

అమ్జద్ హైదరాబాదీ హైదరాబాదు నగరానికి చెందిన సుప్రసిద్ధ ఉర్దూ కవి. అసలు పేరు సయ్యద్ అహ్మద్ హుస్సేన్. అమ్జద్ అన్నది కలంపేరు. రుబాయీ అనే నాలుగు పాదాల పద్యప్రక్రియలో ఉర్దూ భాషలో అగ్రశ్రేణికి చెందిన కవిగా ఈయనను లెక్కిస్తారు. హకీముష్షుఅరా అనే బిరుదు ఈయనకు ఉన్నది. కవులలో తత్త్వజ్ఞుడు అని దాని భావం. 1908 సెప్టెంబరు 28న మూసీ నదికి వచ్చిన పెను వరదలో తల్లి, భార్య, కుమార్తె ముగ్గురూ ఈయన కళ్ళ ఎదుటే కొట్టుకుపోయారు. ఆ దుర్ఘటనపై ఈయన రచించిన ఖయామతె సుగ్రా అనే కవిత, వరదను అనుభవించిన మనిషి చెప్పిన సాక్ష్యంగా సాహిత్యంలోనే కాక హైదరాబాదు చరిత్రలోనూ స్థానం పొందినది. 1961లో మరణించాడు. సమాధి నాంపల్లిలోని హజ్రత్ షా ఖామోష్ దర్గా ఆవరణలో ఉన్నది.

బాల్యం, విద్య

అమ్జద్ హైదరాబాదులో జన్మించాడు. జన్మ సంవత్సరం విషయంలో గ్రంథకర్తల మధ్య ఏకాభిప్రాయం లేదు. కొందరు 1878 అనీ, మరికొందరు 1880ల దశకంలో అనీ పేర్కొంటారు. పసితనంలోనే తండ్రి మరణించగా తల్లి పెంపకంలో పెరిగాడు. కుటుంబం కలిగినది కాదు. కష్టాలకు ఓర్చి కుమారునికి చదువు చెప్పించిన తల్లి అంటే అమ్జద్‌కు అపారమైన భక్తి. ఆ తల్లినే తరువాత నది తీసుకుపోయింది. ఆయన జీవితాన్ని చదివేవారు ఈ సంగతిని మరువరాదు.

ఆ కాలపు ముస్లిం విద్యావంతుల కుటుంబాలలో వలెనే ఆయన చదువు కూడా అరబ్బీ, ఫార్సీ భాషలతో, మతశాస్త్రంతో, తత్త్వంతో సాగినది. జామియా నిజామియాలో విద్యాభ్యాసం చేశాడు. నిజాం రాజ్యంలో 1880ల దశకం వరకు ఫార్సీ రాజభాషగా ఉండి, ఆ తరువాత ఉర్దూ ఆ స్థానాన్ని పొందినది. కనుక అమ్జద్ తరం వారు ఫార్సీ కవిత్వాన్ని కంఠస్థం చేసి ఉర్దూలో రచన సాగించిన తరం. సాదీ, రూమీ వంటి ఫార్సీ కవుల ప్రభావం ఆయన రచనలలో అడుగడుగునా కనిపిస్తుంది. సూఫీ భావన ఆయనకు పుస్తకాల నుండి మాత్రమే అబ్బినది కాదు. దర్గాలు, గురుశిష్య పరంపరలు నిత్యజీవితంలో భాగమైన నగరం అది.

యౌవనంలో దారుల్ ఉలూం పాఠశాలలో ఉపాధ్యాయుడుగా పనిచేశాడు. అనంతరం రాజ్యపు లెక్కల శాఖలో ఉద్యోగంలో చేరి అక్కడే పదవీ విరమణ వరకు కొనసాగాడు. పగలు జమాఖర్చుల దస్తావేజులు, రాత్రి రుబాయీలు అన్నట్లుగా ఆయన జీవితం గడిచినది.

1908 మూసీ వరద

మూసీ నది వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో పుట్టి హైదరాబాదు మీదుగా ప్రవహించి కృష్ణలో కలుస్తుంది. వేసవిలో చిన్న వాగులా కనిపించే ఈ నది నగరానికి ఎగువన వందలాది చెరువుల నీటితో ముడిపడి ఉండేది. 1908 సెప్టెంబరు చివరి వారంలో పరీవాహక ప్రాంతమంతటా కుండపోత వర్షాలు కురిశాయి. మూసీ పరీవాహక ప్రాంతంలోని 788 చెరువులలో 221 చెరువుల కట్టలు తెగినట్లు అనంతరం జరిగిన విచారణలో తేలింది. పై చెరువు కట్ట తెగితే ఆ నీరంతా కింది చెరువు మీద పడి దాని కట్టనూ తెంచుతుంది. ఈ విధంగా గొలుసుకట్టు చెరువులు ఒకదాని తరువాత ఒకటిగా తెగి, ఆ నీరంతా ఒకేసారి నగరం మీదికి వచ్చినది. ప్రవాహం సుమారు 4,25,000 క్యూసెక్కులకు చేరినదని ఇంజనీర్లు లెక్కకట్టారు.

సెప్టెంబరు 28 సోమవారం. రంజాన్ నెల అప్పుడే మొదలైనది. రాత్రంతా వాన కురిసి తెల్లవారేసరికి నది గట్లు దాటినది. అఫ్జల్‌గంజ్, ఘాన్సీబజార్, కోల్సావాడి మొదలైన పేటలు నీటి పాలయ్యాయి. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టును ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ప్రాంగణంలో నేటికీ ఉన్నది. కుతుబ్‌షాహీల నాటి పురానాపూల్ మాత్రం నిలిచి, తక్కిన వంతెనలు తీవ్రంగా దెబ్బతిన్నాయి.

మృతుల సంఖ్య సుమారు 15,000 అని సాధారణంగా చెబుతారు. ఇది అంచనా మాత్రమే గాని పేరుపేరునా లెక్కించినది కాదు. 1901 జనాభా లెక్కల ప్రకారం నగర జనాభా నాలుగున్నర లక్షలకు కొంచెం తక్కువ. అనగా ప్రతి ముప్పై మందిలో ఒకరు ఒక్కరోజులో పోయారన్నమాట. ఇల్లు కోల్పోయినవారు ఇంకా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ తన ప్రాసాదాలను నిరాశ్రయులకు తెరిపించాడు. అన్నసత్రాలు ఏర్పాటైనవి. నదికి దూరంగా, కొంత ఎత్తున ఉన్న ఉత్తరపు పేటలకు ఎందరో తరలిపోయారు. ఈనాడు ఆబిడ్స్, నాంపల్లి అని పిలిచే ప్రాంతం ఆ దిక్కుననే ఉన్నది. ఆబిడ్స్‌కు ఆ పేరు మహబూబ్ అలీఖాన్ కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియను నడిపిన దుకాణం వలన వచ్చినది. నాంపల్లి స్టేషను రోడ్డులోని గోల్డెన్ థ్రెషోల్డ్ అనే ఇంటికి చెందిన సరోజినీ నాయుడు వరద బాధితుల సహాయ కార్యక్రమాలలో పాల్గొన్నది.

అమ్జద్ కుటుంబం ఆ రాత్రి మూసీకి సమీపంలోని ఇంటిలో ఉన్నది. నీరు పెరిగిన కొద్దీ తప్పించుకునే దారి మూసుకుపోయింది. తల్లి, భార్య, చిన్నారి కుమార్తె ఒకరి తరువాత ఒకరు ప్రవాహంలో కలిసిపోగా అమ్జద్ కూడా కొట్టుకుపోయి ఎలాగో ప్రాణాలతో బయటపడ్డాడు. కుటుంబంలో మిగిలినది ఆయన ఒక్కడే.

ఉర్దూలో ఈ వరదను తుగ్యానీ అంటారు. పాతనగరపు వృద్ధులు చాలాకాలం వరకు వయస్సులను, పెళ్ళిళ్ళను తుగ్యానీకి ముందు, తుగ్యానీ తరువాత అని గుర్తుపెట్టుకునేవారు. తేదీలు ఎరుగని వారికి ఆ వరదే పంచాంగమైనది.

ఖయామతె సుగ్రా

ఖయామత్ అనగా ప్రళయదినం. ఇస్లామీయ సంప్రదాయంలో లోకమంతటికీ వచ్చే మహాప్రళయం ఒకటి, ఒక మనిషికి గాని ఒక జనసమూహానికి గాని వచ్చే చిన్న ప్రళయం మరొకటి. సుగ్రా అనగా చిన్నది. లోకం యథాతథంగా నిలిచి ఉండగా తన లోకం మాత్రం మునిగిపోయిందన్న సంగతి ఈ పేరులోనే ఇమిడి ఉన్నది.

కవిత ఆ రాత్రి దృశ్యంతో ప్రారంభమవుతుంది. దట్టమైన మబ్బులు, ఆగని వాన, చలిగాలి, కూలుతున్న ఇళ్ళ చప్పుడు, చీకటిలో కేకలు, ఏడుస్తూ దేవుని ప్రార్థించే జనం, ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అటు తరువాత కవి తన వారిని గురించి చెబుతాడు. తల్లి ఒక దిక్కున, భార్య మరొక దిక్కున, బిడ్డ ఇంకొక దిక్కున విడిపోయిన క్షణాలు అవి. ఎవరిని పట్టుకోవాలో, ఎవరిని విడవాలో తెలియని మనిషి స్థితి అందులో ఉన్నది. అలంకారాలు తక్కువ. ఉర్దూ కవితలో ఇది అరుదైన విషయం.

కర్బలా అమరులను స్మరించే మర్సియా అనే శోకగీత సంప్రదాయం దక్కనులో కుతుబ్‌షాహీల కాలం నుండి బలంగా ఉన్నది. మొహర్రం రోజులలో సమూహంగా కూర్చుండి వినే ఈ గీతాలలో నీరు దొరకక మరణించిన పసివారి ప్రస్తావన ఉంటుంది. అమ్జద్ కవితలో నీరే మృత్యువు. మర్సియాలు విని పెరిగిన శ్రోతకు ఈ వైరుధ్యం తట్టకమానదు. ఆయన దుఃఖానికి ఒక పాత రూపం, దానిని వినగల సభ రెండూ ముందే సిద్ధంగా ఉన్నవి. ఈ అంశానికి ఇవ్వవలసినంత ప్రాధాన్యం సాధారణంగా ఇవ్వరు.

రచనలు

అమ్జద్‌కు శాశ్వత కీర్తిని తెచ్చినది రుబాయీ. ఇది ఫార్సీ నుండి ఉర్దూకు వచ్చిన ప్రక్రియ. నాలుగు పాదాలలో మొదటి, రెండవ, నాలుగవ పాదాలకు అంత్యప్రాస ఉంటుంది. మూడవ పాదం విడిగా నిలిచి, నాలుగవ పాదంలో భావం తెగుతుంది. నిర్ణీతమైన ఛందోభేదాలలోనే రాయవలసి ఉండుటచే గజల్ కంటె కష్టమైనదిగా భావిస్తారు. ఉమర్ ఖయ్యాం రుబాయీలను దువ్వూరి రామిరెడ్డి పానశాల పేరిట తెలుగు చేసినందున ఈ ప్రక్రియ తెలుగువారికి కొత్త కాదు. అయితే ఖయ్యాం అనగానే తోచే మధుపాత్ర అమ్జద్‌లో ప్రధానం కాదు. దైవం ఒక్కటే అన్న ఎరుక, లోకం నిలకడ లేనిదన్న భావం, అహంకారాన్ని అణచుకోవడం, తృప్తి, ఓర్పు ఆయన ప్రధాన వస్తువులు. నిత్యవ్యవహారంలోని ఉపమానంతో వేదాంతాన్ని చెప్పడంలో ఆయన మన వేమనను తలపిస్తాడు. వేమనలోని ఎత్తిపొడుపు మాత్రం ఆయనలో తక్కువ.

రుబాయీ సంపుటాలు కాక రియాజె అమ్జద్, ఖిర్ఖయె అమ్జద్, హికాయాతె అమ్జద్ మొదలైన గ్రంథాలు రచించాడు. మక్కా యాత్రానుభవాలను హజ్జె అమ్జద్ అనే గ్రంథంగా వెలువరించాడు. సాదీ రచించిన గులిస్తాన్‌ను ఉర్దూలోకి తెచ్చాడు. వరద తరువాత ఆయన జమాలున్నీసాను వివాహం చేసుకున్నాడు. ఆమె విదుషి, ఆధ్యాత్మిక చింతన గలది. ఆయన స్వీయచరిత్ర పేరు జమాలె అమ్జద్. జమాల్ అనగా సౌందర్యం. భార్య పేరు కూడా అందులో కలిసివచ్చినది. పద్యకవిగా పేరొందినా ఆయన వచనం సరళమైనది, చదివించేది.

సభలకు, సన్మానాలకు ఆయన దూరంగా ఉండేవాడు. కోరికలు తక్కువ, వేషం సాదా. రుబాయీలలో చెప్పిన దానికి నడవడికి తేడా లేకపోవడం వల్లనే సామాన్యులు ఆయనను కవిగా కంటె సూఫీగా ఎక్కువ గౌరవించారు.

వరద తరువాతి నగరం

రాజ్యప్రభుత్వ ఆహ్వానంపై 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య హైదరాబాదుకు వచ్చి వరద కారణాలను పరిశీలించి నివేదిక ఇచ్చాడు. నగరానికి ఎగువన రెండు జలాశయాలు నిర్మించాలని సూచించాడు. దీని ఫలితంగా మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, ఈసీ వాగుపై హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయినవి. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడినది. నది గట్ల వెంట ఇరుకు పేటలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, ఏడవ నిజాం కాలంలో హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వంటి భవనాలు నిర్మించారు. నేటి నగరపు రూపురేఖలలో అధికభాగం ఆ వరద ఫలితమే.

కనుక అధికారిక చరిత్రలో 1908 వరద ఒక ఆరంభంగా కనిపిస్తుంది. జలాశయాలు, వంతెనలు, ఆసుపత్రి అనే వరుసలో అది మొదటి పేజీ. అమ్జద్ చరిత్రలో అది ఒక అంతం. నివేదికలో క్యూసెక్కులు ఉన్నవి, చెరువుల లెక్క ఉన్నది. ముగ్గురిలో ఎవరి చేయి పట్టుకోవాలన్న ప్రశ్న అందులో లేదు. ఈ రెండింటినీ కలిపి చదవడం ఎట్లా అన్నది చరిత్రకారులకు ఇటీవలి దశాబ్దాలలో ముఖ్యమైన చర్చగా మారినది.

చరిత్ర అధ్యయనంలో మానసికాఘాతం

ట్రామా అనేది గ్రీకు పదం. గాయం అని అర్థం. 19వ శతాబ్దం ద్వితీయార్ధంలో రైలు ప్రమాదాలలో దెబ్బ తగలకనే రోగులైనవారిని పరీక్షించిన వైద్యులు ఈ మాటను మనస్సుకు కూడా వర్తింపజేయడం మొదలుపెట్టారు. ఫ్రాన్సులో పియర్ జానే, వియన్నాలో సిగ్మండ్ ఫ్రాయిడ్ దీనికి సిద్ధాంతరూపం ఇచ్చారు. మొదటి ప్రపంచయుద్ధంలో గుండు దెబ్బ తగలకనే మాట పడిపోయిన, వణికిపోయిన సైనికులను చూసిన తరువాత ఫ్రాయిడ్ 1920లో ఒక గ్రంథం వెలువరించాడు. భరించలేని సంఘటన జ్ఞాపకంగా సర్దుకొనక కలలలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుందని అందులో వివరించాడు. వియత్నాం యుద్ధానంతరం 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం తన రోగనిర్ణయ గ్రంథంలో దీనిని ఒక వ్యాధిగా చేర్చినది.

వ్యక్తికి సంబంధించిన ఈ భావనను సమూహాలకు, చరిత్రకు అన్వయించినవారిలో ఇద్దరు ముగ్గురు అమ్జద్ విషయంలో ముఖ్యులు. రాబర్ట్ జే లిఫ్టన్ హిరోషిమాలో అణుబాంబు నుండి బ్రతికి బయటపడినవారిని 1960లలో కలుసుకొని, తాము మాత్రం బ్రతికామన్న అపరాధభావం వారిని జీవితాంతం వెంటాడినట్లు గుర్తించాడు. సామాజికశాస్త్రవేత్త కై ఎరిక్సన్ పరిశోధన మరింత దగ్గరిది, ఎందుకనగా అది కూడా వరదకు సంబంధించినదే. 1972 ఫిబ్రవరి 26న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో బొగ్గు గనుల వ్యర్థాలతో కట్టిన ఒక కట్ట తెగి, బఫెలో క్రీక్ అనే లోయలో 125 మంది మరణించారు. బ్రతికినవారు నెలల తరువాత కూడా కోలుకోలేదు. వారిని వేర్వేరు శిబిరాలలో ఉంచినందున పాత ఇరుగుపొరుగు చెదిరిపోయింది. ఒక్కొక్కరి మనస్సుకు తగిలిన గాయం వేరు, వారిని కలిపి ఉంచిన బంధాలకు తగిలిన గాయం వేరు అని ఎరిక్సన్ 1976లో ప్రచురించిన గ్రంథంలో నిరూపించాడు.

ఈ దృష్టితో చూస్తే మూసీ వరదలో పోయినవి ప్రాణాలు, ఇళ్ళు మాత్రమే కావు. మొహల్లాలు పోయాయి. పెళ్ళికి, చావుకు కలిసివచ్చే గుంపు పోయింది. చనిపోయినవారిని గుర్తుపట్టి ఫలానా వారి అమ్మాయి అని చెప్పగలవారే లేకుండా పోయారు. నగరాభివృద్ధి మండలి నదీతీరపు పేటలను తొలగించినప్పుడు ఆ ఇరుగుపొరుగు మరొకసారి చెదిరినది. మురికివాడల తొలగింపు వలన అంటువ్యాధులు తగ్గాయన్నది నిజమే. కాని కొత్త ఇంటికి వెళ్ళినవారికి వెనుక ఏమి మిగిలినదో ఆ నివేదికల నుండి తెలియదు. దానిని తెలిపే ఆధారాలలో అమ్జద్ కవిత ముఖ్యమైనది.

చరిత్రకారుడు డొమినిక్ లకాప్రా ఫ్రాయిడ్ భావనలను ఆధారం చేసుకొని మరొక భేదాన్ని చూపాడు. గతం వర్తమానంలోకి చొరబడి, మనిషి దానినే మళ్ళీ మళ్ళీ అనుభవించడం ఒక స్థితి. జరిగినది జరిగిపోయిందని ఎరిగి, దుఃఖాన్ని విడవకనే దానితో జీవించడం నేర్చుకోవడం మరొక స్థితి. ఈ రెండూ ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండవచ్చును. ఖయామతె సుగ్రాలో క్షణక్షణం తిరిగి వచ్చే రాత్రి మొదటి దానికి దగ్గర. ఓర్పును, దైవాధీనతను చెప్పే రుబాయీలు రెండవ దానికి దగ్గర. ఇట్లు విభజించడం సులభమే గాని దీనిని అతిగా సాగదీయరాదు. రుబాయీ శతాబ్దాల సంప్రదాయం గల ప్రక్రియ. వరద రాకున్నా అమ్జద్ సూఫీ భావనతోనే రాసి ఉండేవాడేమో. ప్రతి పద్యం వెనుక నదిని వెదకడం విమర్శ అనిపించుకోదు.

అన్వయానికి గల పరిమితులు

చనిపోయినవారికి రోగనిర్ణయం చేయడం చరిత్రకారుని పని కాదన్న ఆక్షేపణ బలమైనది. వైద్యుడు రోగిని అడిగి తెలుసుకోగలడు, చరిత్రకారునికి కాగితమే ఆధారం. ఈ భావన చరిత్రను రూత్ లేస్ 2000లో విమర్శనాత్మకంగా పరిశీలించింది. వుల్ఫ్ కాన్‌స్టైనర్ మరొక అడుగు ముందుకు వేసి, స్వయంగా బాధ అనుభవించినవారిని, దాని కథ విన్నవారిని ఒకే గాటన కట్టడం పొరపాటని వాదించాడు. ఈ హెచ్చరిక హైదరాబాదుకు కూడా వర్తిస్తుంది. 1908లో కుమార్తెను కోల్పోయిన తండ్రి దుఃఖం, వంద సంవత్సరాల తరువాత ఆ వరదను గూర్చి చదివి చలించిన పౌరుని మనోభావం ఒకటి కావు.

ఇంకొక చిక్కు ఉన్నది. ఈ సిద్ధాంతాలు యూరప్, అమెరికాలలో పుట్టినవి. అమ్జద్‌కు తన దుఃఖాన్ని చెప్పుకొనుటకు వేరే పదజాలం ఉండినది. విధి, పరీక్ష, ఓర్పు, శరణాగతి అన్నవి ఆ మాటలు. వాటిని కేవలం లక్షణాలుగా భావించి, అసలు అర్థం ఆధునిక మనోవిజ్ఞానంలో ఉన్నదని చెప్పడం ఆయనను అగౌరవపరచడమే. ఓర్పు అనే మాట ఆయనకు ఒక సాధన. ఎరిక్సన్ వర్ణించిన లోయలో చెదిరిపోయిన సమూహం అమ్జద్‌కు మరొక రూపంలో దొరికినది. ముషాయిరా సభ, సూఫీ సత్సంగం, శిష్యులు, పాఠకులు ఆయన చుట్టూ చేరారు. ఒంటరిగా మిగిలిన మనిషి అర్ధశతాబ్దం పాటు రాయగలిగాడంటే అందులో ఆ సభల పాత్ర తక్కువ కాదు. అందరికీ ఆ అవకాశం లేదు. వరదలో కుటుంబాన్ని పోగొట్టుకొని, చదువు రాని, కవిత్వం రాని వేలమంది ఏమి చేశారన్న ప్రశ్నకు అమ్జద్ జీవితం సమాధానం చెప్పదు. ఆయనను వారందరి ప్రతినిధిగా చూపడం కూడా సరికాదు.

హైదరాబాదు విషయంలో మనోవిశ్లేషణను నేరుగా వినియోగించిన పరిశోధకుడు సుధీర్ కక్కర్. 1990 డిసెంబరులో నగరంలో జరిగిన మతకలహాలపై ఆయన చేసిన అధ్యయనం 1996లో గ్రంథరూపంలో వచ్చినది. కలహంలో పాల్గొన్నవారిని, నష్టపోయినవారిని కలుసుకొని, గతించిన రాజ్యాన్ని గూర్చిన శోకం తరువాతి తరాల ముస్లింల మనస్సులలో ఎట్లా నిలిచినదో ఆయన పరిశీలించాడు. దేశ విభజన విషయంలో ఊర్వశీ బుటాలియా 1998లో వెలువరించిన మౌఖిక చరిత్ర కూడా ఈ కోవకు చెందినదే. మాట్లాడని వారి మౌనాన్ని కూడా ఆధారంగా స్వీకరించాలని ఆమె కృషి తెలుపుతుంది.

నలభై సంవత్సరాల వ్యవధిలో హైదరాబాదు మరొక కల్లోలాన్ని చూసింది. 1948 సెప్టెంబరులో భారత సైనిక చర్యతో ఆసఫ్‌జాహీ పాలన ముగిసినది. ఆ సందర్భంగా, ముఖ్యంగా జిల్లాలలో జరిగిన హత్యాకాండపై పండిత్ సుందర్‌లాల్ బృందం ఇచ్చిన నివేదికలో మృతుల సంఖ్య కనీసం 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేశారు. అది దశాబ్దాల పాటు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. రజాకార్ల దౌర్జన్యాలకు బలియైన గ్రామాల కథనాలు కూడా చాలాకాలం జ్ఞాపకాలుగానే మిగిలినవి. అప్పటికి వృద్ధుడైన అమ్జద్ ఈ మార్పులన్నింటినీ చూశాడు. వరదకు ఎవరూ శత్రువు కారు. కనుక దాని శోకాన్ని నగరమంతా కలిసి పంచుకోగలిగింది. 1948 శోకాన్ని ఆ విధంగా పంచుకోవడం సాధ్యపడలేదు. మానసికాఘాతాన్ని చరిత్రకు అన్వయించేవారు ఏ దుఃఖానికి బహిరంగంగా చోటు లభించినది, దేనికి లభించలేదు అని అడగడం ఇందువలననే.

స్మృతి

వరద శతాబ్ది సంవత్సరమైన 2008 నుండి సెప్టెంబరు 28న ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు కింద పౌరసంస్థలు సమావేశమై మృతులను స్మరిస్తున్నాయి. 2000 ఆగస్టులోనూ, 2020 అక్టోబరులోనూ నగరాన్ని వరదలు ముంచెత్తినప్పుడు 1908 నాటి సంగతులు మళ్ళీ చర్చకు వచ్చాయి. చెరువుల ఆక్రమణ మీద జరిగే వాదోపవాదాలలో 221 చెరువుల లెక్కను ఉదహరించేవారు ఉన్నారు.

ఆబిడ్స్‌లో ఆదివారం నాడు మూసి ఉన్న దుకాణాల ముందు కాలిబాటపై జరిగే పాత పుస్తకాల అమ్మకం నగరవాసులకు సుపరిచితమే. కొత్త ముద్రణలు లేని ఉర్దూ గ్రంథాల కోసం వెదికేవారికి అది ఒక ఆధారం. ఉర్దూ చదవలేని నేటి తెలుగు విద్యార్థికి అమ్జద్ పేరు తెలిసే అవకాశం తక్కువ. నగర చరిత్ర పాఠంలో విశ్వేశ్వరయ్య సరసన ఆయనకు కూడా ఒక పేరా కేటాయించవలసి ఉన్నది.

మరణం

అమ్జద్ 1961లో హైదరాబాదులో పరమపదించాడు. నాంపల్లిలో హజ్రత్ షా ఖామోష్ దర్గా ఆవరణలో ఆయనను ఖననం చేశారు. 19వ శతాబ్దపు చిష్తీ సూఫీ అయిన ఆ గురువు చాలాకాలం మౌనదీక్షలో ఉండినందున ఖామోష్, అనగా మౌని, అన్న పేరు వచ్చినదని చెబుతారు. నాంపల్లి రైల్వేస్టేషనుకు, పబ్లిక్ గార్డెన్స్‌కు సమీపంలో ఉన్న ఈ దర్గాను మతభేదం లేకుండా అనేకులు సందర్శిస్తారు.